గుండ్రటి ప్రీకాస్ట్ గోడని రైనోలో మోడల్ చేయడం ఎలా: ముందు మౌల్డు, తర్వాతే గోడ

రెండు రోడ్లు కలిసే మూల మీద ఒక బిల్డింగ్ ఉందనుకోండి. ఆ మూల దగ్గర గోడ 90 డిగ్రీలు గుండ్రంగా తిరగాలి, బయటి రేడియస్ 12 మీటర్లు, ఎత్తు 3.6 మీటర్లు, మందం 150 మి.మీ. గోడ అంతా ప్రీకాస్ట్. అంటే యార్డులో ముక్కలుగా పోసి, లారీలో తెచ్చి, క్రేన్‌తో నిలబెట్టి బిగించాలి. ఈ ఒక్క గోడని పట్టుకుని మొత్తం పని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. నేను రైనో అనే 3D మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో చెప్తాను, ఎందుకంటే వంపులకి దాన్ని మించింది నాకు కనబడలేదు. స్కెచప్, రెవిట్ వాడేవాళ్లకి కూడా మధ్యలో కావాల్సినవి చెప్తాను.

మొదలుపెట్టే ముందు ఒక విషయం బుర్రలో పెట్టుకోండి. మీరు గీసేది గోడని కాదు, ఆ గోడని పోసే మౌల్డుని, అంటే అచ్చుని. స్క్రీన్ మీద ఏ వంపైనా అందంగానే ఉంటుంది, కానీ యార్డులో ప్రతి కొత్త వంపుకీ ఒక కొత్త మౌల్డు చేయాలి, డబ్బు పోయేది అక్కడే. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఇలాంటి గోడకే ఆర్కిటెక్ట్ దగ్గర నుంచి ఆటోక్యాడ్ ఫైల్ వచ్చింది, అందులో వంపుని స్ప్లైన్‌తో గీశారు. చూడ్డానికి చక్కగా ఉంది కదా అని నేను దాన్నే ఎక్స్‌ట్రూడ్ చేసి (గీతని ఎత్తుకి సాగదీసి), 14 ముక్కలు చేసి, షాప్ డ్రాయింగులు (యార్డులో తయారీకి వాడే డ్రాయింగులు) తీసి పంపేశాను. రెండు రోజులకి యార్డు సూపర్‌వైజర్ ఫోన్ చేసి, "సార్, పద్నాలుగు ప్యానెళ్లకి పద్నాలుగు రేడియస్‌లు ఉన్నాయి, ఏ మౌల్డు చేయమంటారు?" అని అడిగాడు. స్ప్లైన్ అంటే అంతే, దాని మీద ప్రతి పాయింట్ దగ్గరా వంపు కొంచెం కొంచెం మారిపోతూ ఉంటుంది. డ్రాయింగులన్నీ మళ్లీ చేశాం. ఆ వారం రోజుల టెన్షన్ మీకు రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

అసలు వంపు అవసరమా?

ఇది ఆర్కిటెక్ట్‌ని మొదటి రోజే అడగండి, మొహమాటపడకండి. 12 మీటర్ల రేడియస్ మీద 1 మీటరు వెడల్పున్న చదును ప్యానెల్ పెడితే, అసలు వంపుకీ దానికీ మధ్యలో తేడా దాదాపు 10 మి.మీ. మాత్రమే. గరుకు ఫినిష్ అయితే దూరం నుంచి కంటికి ఆనదు. హైదరాబాద్ మెట్రో మలుపు తిరిగే చోట కింద నిలబడి ఒకసారి పైకి చూడండి, చిన్న చిన్న ప్రీకాస్ట్ సెగ్మెంట్లని వరసగా పేర్చుకుంటూ వెళ్తే మొత్తం వంతెన నున్నగా తిరిగినట్టే కనిపిస్తుంది. కానీ గోడ నున్నటి ఫినిష్‌తో ఉండి, సాయంత్రం ఎండ పక్క నుంచి పడే చోట అయితే మాత్రం చదును ముక్కల మధ్య మడత ప్రతిదీ గీత గీసినట్టు తెలుస్తుంది. అప్పుడు నిజంగా వంపు ప్యానెళ్లే కావాలి. మన గోడ అలాంటిదే అనుకుందాం.

ఫైల్ సెటప్

రైనోలో యూనిట్స్ మిల్లీమీటర్లు, టాలరెన్స్ 0.01 పెట్టుకోండి. తర్వాత అందరూ మర్చిపోయే పని: వంపు కేంద్రాన్ని తెచ్చి సరిగ్గా సున్నా, సున్నా మీద పెట్టండి. సర్వే కోఆర్డినేట్లతో వచ్చిన ఫైల్‌లో కోట్ల మి.మీ. దూరంలో పని చేస్తే బూలియన్లు (ఆకారాలని కలపడం, ఒకదాన్నుంచి ఇంకోటి కోసేయడం) ఫెయిలవుతాయి, అంచులు కలవవు, ఎందుకో అర్థం కాదు. కేంద్రం సున్నా దగ్గర ఉంటే ప్రతి ప్యానెల్ ఒక కోణం మాత్రమే, తిప్పితే చాలు, లెక్క అక్కర్లేదు.

ఆర్క్ గీయడం

ఆర్క్ కమాండ్‌తో కేంద్రం, రేడియస్ 12000, కోణం 90 ఇచ్చి గీయండి. బయటి నుంచి వచ్చిన కర్వ్ అయితే దాన్ని సెలెక్ట్ చేసి వాట్ కమాండ్ కొట్టండి, ఆర్క్ అని చూపిస్తే మంచిది, నర్బ్స్ కర్వ్ (స్ప్లైన్ లాంటి వంపు) అని వస్తే నమ్మకండి. రేడియస్ కమాండ్‌తో మూడు నాలుగు చోట్ల నొక్కి చూడండి, అంకెలు వేరువేరుగా వస్తే అది స్ప్లైనే. కన్వర్ట్ కమాండ్‌లో అవుట్‌పుట్ ఆర్క్స్ అని పెట్టి దాన్ని ఆర్క్‌లుగా మార్చొచ్చు, కానీ అది తనకి తోచిన రేడియస్‌లు ఇస్తుంది. 11873, 12214 లాంటివి వస్తాయి. వాటిని అలా వదలకండి, మీరే కూర్చుని ఆ వంపుని రెండు మూడు గుండు అంకెల రేడియస్‌లతో మళ్లీ గీసి, పాతదానికి ఎంత తేడా వచ్చిందో ఆర్కిటెక్ట్‌కి చూపించండి. చాలాసార్లు ఆ తేడా వాళ్లకి అసలు కనిపించదు, ఒప్పుకుంటారు.

ఇంకొకటి, 12 మీటర్లు అన్నది బయటి ముఖానికా, లోపలి ముఖానికా, మధ్య గీతకా? డ్రాయింగ్ మీద ముందే రాయించుకోండి. 150 మి.మీ. తేడా చిన్నదేమీ కాదు. మనం బయటి ముఖం అనుకున్నాం, కాబట్టి లోపలి ఆర్క్ 11850.

స్కెచప్‌లో చేసేవాళ్లు ఇక్కడ ఒక నిమిషం ఆగండి. స్కెచప్‌లో ఆర్క్ అనేది నిజం ఆర్క్ కాదు, చిన్న చిన్న సరళరేఖల గొలుసు, మామూలుగా 12 ముక్కలుగా గీస్తుంది. మన 90 డిగ్రీల గోడకి 12 ముక్కలంటే ఒక్కోటి 7.5 డిగ్రీలు, ఆ ముక్క మధ్యలో అసలు వంపుకంటే దాదాపు 26 మి.మీ. లోపలికి ఉంటుంది. ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ మధ్య మనం వదిలే జాయింటే 15 మి.మీ., దానికంటే తప్పు పెద్దది! సెగ్మెంట్ల సంఖ్య 90 పెట్టుకోండి, ఒక్కో ముక్క 1 డిగ్రీ అవుతుంది, తేడా అర మి.మీ. లోపలికి వచ్చేస్తుంది, పైగా ప్యానెల్ అంచులు కూడా సరిగ్గా ముక్కల చివరలకే పడతాయి.

ఎన్ని ముక్కలు చేయాలి

ఇది డిజైన్ ప్రశ్నలా కనిపిస్తుంది కానీ లారీ, క్రేన్ తేల్చే ప్రశ్న. మొత్తం చాపం పొడవు 18.85 మీటర్లు. 9 ముక్కలు చేస్తే ఒక్కోటి 10 డిగ్రీలు, వెడల్పు దాదాపు 2.1 మీటర్లు. ప్యానెల్ ఘనపరిమాణం 1.12 ఘనపు మీటర్లు వస్తుంది, రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు ఘనపు మీటరుకి 2500 కిలోలు వేసుకుంటే 2.8 టన్నులు. 6 ముక్కలు చేస్తే జాయింట్లు తగ్గుతాయి, చూడ్డానికి బాగుంటుంది, కానీ ఒక్కోటి 4 టన్నులు దాటుతుంది, వెడల్పు 3 మీటర్లు దాటి లారీ మీద ఇబ్బంది అవుతుంది. సైట్‌లో హైడ్రా (సైట్లలో తిరిగే చిన్న క్రేన్) ఉంది కదా అనుకోకండి, దాని మీద రాసిన టన్నులు బూమ్ దగ్గరగా ఉన్నప్పటివి, బూమ్ బయటికి సాగేకొద్దీ ఎత్తగలిగే బరువు బాగా పడిపోతుంది. లోడ్ చార్ట్ తెప్పించుకుని, క్రేన్ నిలబడే చోటు నుంచి ప్యానెల్ దిగే చోటుకి దూరం కొలిచి అప్పుడు నిర్ణయించండి. మనకి 9 సరిపోతుంది.

ఒక్క ప్యానెల్ గీయడం

తొమ్మిదీ గీయక్కర్లేదు, ఒక్కటే గీస్తాం, శ్రద్ధగా. ప్యానెల్ మధ్యగీత ఎక్స్ అక్షం మీద ఉండేలా పెట్టుకోండి. సున్నా నుంచి ప్లస్ 5, మైనస్ 5 డిగ్రీల దగ్గర రెండు గీతలు గీయండి, ఇవి జాయింట్ల మధ్యగీతలు. రెండిటినీ ప్యానెల్ లోపలివైపుకి 7.5 మి.మీ. ఆఫ్‌సెట్ చేయండి. 12000, 11850 ఆర్క్‌లని ఈ ఆఫ్‌సెట్ గీతల దగ్గర ట్రిమ్ చేసి, నాలుగూ జాయిన్ చేసి, 3600 ఎక్స్‌ట్రూడ్ చేస్తే ప్యానెల్ వచ్చేసింది. పక్క ప్యానెల్ కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి జాయింట్ లోపలా బయటా ఒకేలా 15 మి.మీ. ఉంటుంది.

కొంతమంది ఆఫ్‌సెట్ చేయకుండా కోణాన్నే కొంచెం తగ్గిస్తారు. మన రేడియస్‌కి పెద్ద తేడా రాదు, బయట 15 అయితే లోపల 14.8. కానీ స్తంభం చుట్టూ వేసే 1.5 మీటర్ల రేడియస్ ప్యానెళ్లకి అదే లెక్కలో లోపల 13.5 అయిపోతుంది, జాయింట్‌లో సీలెంట్ వెనక దూర్చే బ్యాకర్ రాడ్ సరిగ్గా కూర్చోదు. ఆఫ్‌సెట్ అలవాటు చేసుకోండి, ఎప్పుడూ తప్పు రాదు.

మౌల్డులోంచి బయటికి వస్తుందా?

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. ప్యానెల్‌ని యార్డులో ఎలా పోస్తారో ఊహించుకోండి. బయటి ముఖం నున్నగా రావాలంటే ఆ ముఖం మౌల్డుకి తగలాలి, అంటే కిందికి ఉండాలి. అప్పుడు మౌల్డు ఊయలలా లోతుగా ఉంటుంది, వంపు కేంద్రం పైన ఆకాశంలో ఉంటుంది. పక్క అంచులు రెండూ ఆ కేంద్రం వైపు వాలి ఉంటాయి, అంటే పైకి వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి. ప్యానెల్ అడుగున 2077 మి.మీ., పైన 2051 మి.మీ. ఒక్కో పక్కన 13 మి.మీ. మౌల్డు పక్క పలక కాంక్రీటు మీదికి వాలి ఉంటుంది. ఆ పలకలు వెల్డింగ్ చేసి ఉంటే ప్యానెల్ పైకి రాదు, బలవంతంగా లాగితే అంచులు విరిగిపోతాయి.

దీనికి దారి రెండు రకాలు. పక్క పలకలని బోల్టులతో పెట్టి, పోసిన మర్నాడు ముందు వాటిని విప్పేసి అప్పుడు ఎత్తడం ఒకటి. లేదా ప్యానెల్‌ని బోర్లించి, లోపలి ముఖం కిందికి పెట్టి గుట్టలాంటి మౌల్డు మీద పోయడం, అప్పుడు పక్కలు పైకి తెరుచుకుంటాయి కాబట్టి హాయిగా లేచి వస్తుంది, కానీ నున్నటి ముఖం గోడ లోపలికి వెళ్లిపోతుంది. ఈ గోడకి నేనైతే మొదటి దారే ఎంచుకుంటాను. రోడ్డు మీద జనం చూసేది బయటి ముఖాన్నే.

రైనోలో దీన్ని కంటితో చూడాలంటే ప్యానెల్‌ని పోసే స్థితిలోకి పడుకోబెట్టి, డ్రాఫ్ట్ యాంగిల్ అనాలిసిస్ కమాండ్ వాడండి. ఎత్తే దిశకి ఎదురు వాలిన ముఖాలు వేరే రంగులో కనిపిస్తాయి. మెట్లు, గాడులు, డ్రిప్ గాడి (వాన నీరు గోడ మీదికి పాకకుండా కింద కారిపోయేలా పెట్టేది) లాంటివి మీరు పెట్టినవన్నీ ఇక్కడ బయటపడతాయి. నిజం చెప్పాలంటే నేను చూసిన షాప్ డ్రాయింగ్ గొడవల్లో చాలావరకు ఈ ఒక్క చెక్ చేసి ఉంటే వచ్చేవి కావు.

పోసిన కాంక్రీటు పైభాగం సంగతి కూడా ఆలోచించాలి. మన ప్యానెల్ అంచు దగ్గర వాలు 5 డిగ్రీలే, కాంక్రీటు కొంచెం గట్టిగా ఉంటే జారదు, వంపు కోసిన చెక్కతో పైన లాగేస్తే సరిపోతుంది. అదే 20, 25 డిగ్రీల వాలు అయితే కాంక్రీటు మధ్యలోకి జారి పోగవుతుంది, పైన కూడా మూత షట్టరింగ్ పెట్టాలి, ఖర్చు పెరుగుతుంది. ముక్కల సంఖ్య నిర్ణయించేటప్పుడు దీన్ని కూడా లెక్కలో వేసుకోండి.

ఇనుము

రీఇన్‌ఫోర్స్‌మెంట్‌ని మోడల్‌లో పెట్టకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. వంపు ప్యానెల్‌కి అలా కుదరదు. రెండు అంచులని కలిపే తిన్నని గీత నుంచి చూస్తే మన ప్యానెల్ మధ్యలో పొట్ట 45 మి.మీ. ఉంది. అడ్డ రాడ్డుని వంచకుండా తిన్నగా పెట్టి, మధ్యలో బయటి ముఖం నుంచి 30 మి.మీ. కవర్ (రాడ్డుని కప్పే కాంక్రీటు మందం) ఇచ్చారనుకోండి, చివర్లకి వచ్చేసరికి ఆ రాడ్డు కాంక్రీటు దాటి బయటికి పొడుచుకొస్తుంది. అందుకే ఆర్క్‌నే కవర్ మేరకి లోపలికి ఆఫ్‌సెట్ చేసి, పైప్ కమాండ్‌తో రాడ్డుగా మార్చండి. 8 మి.మీ. రాడ్డు 12 మీటర్ల రేడియస్‌కి చేత్తో నొక్కినా ఒదుగుతుంది, దాన్ని నిలువు రాడ్లకి కట్టేస్తే చాలు. కవర్ ఎంతో మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం చూసుకోండి, మోడరేట్ ఎక్స్‌పోజర్‌కి 30, సివియర్‌కి 45. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో 30 సరిపోదు, అప్పుడు 150 మందం సరిపోతుందో లేదో స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని అడగాలి.

హుక్స్ ఎక్కడ

వాల్యూమ్ సెంట్రాయిడ్ కమాండ్ కొడితే గరిమనాభి పాయింట్ వస్తుంది. వంపు ప్యానెల్‌లో అది మందం మధ్యలో ఉండదు, కేంద్రం వైపుకి కొంచెం జరిగి ఉంటుంది. మన ప్యానెల్‌లో ఆ జరుగుడు 15 మి.మీ. లిఫ్టింగ్ హుక్స్ రెండూ వెడల్పులో నాలుగోవంతు, ముప్పావు దగ్గర, మందం మధ్యలో పెడితే వాటిని కలిపే గీత గరిమనాభికి 3, 4 మి.మీ. దూరంలోకి వచ్చేస్తుంది, ప్యానెల్ దాదాపు నిటారుగా వేలాడుతుంది. కానీ 3 మీటర్ల రేడియస్‌తో 60 డిగ్రీలు తిరిగే ప్యానెల్‌కి ఆ జరుగుడు 130 మి.మీ. పైనే, 150 మందంలో సగం 75 మాత్రమే, అంటే గరిమనాభి కాంక్రీటు లోపలి ముఖం దాటి బయటి ఖాళీ గాలిలోకి వెళ్లిపోతుంది. అక్కడ హుక్స్ తప్పు చోట పెడితే గాలిలో ప్యానెల్ వాలిపోతుంది, కింద మనుషులు ఉంటారు. ఈ లెక్క ఇంజనీర్‌తో తప్పకుండా చూపించుకోండి.

బ్లాక్, అరే

ప్యానెల్, ఇనుము, హుక్స్ అన్నీ కలిపి బ్లాక్ (ఒకే వస్తువులా కాపీ చేసుకోగల గుంపు) చేయండి, బేస్ పాయింట్ సున్నా. కేంద్రం చుట్టూ కాపీలు పెట్టే అరే పోలార్ కమాండ్‌లో కేంద్రం సున్నా, సంఖ్య 9, స్టెప్ యాంగిల్ 10 ఇస్తే గోడ మొత్తం నిలబడుతుంది. బ్లాక్‌లో ఒక్క మార్పు చేస్తే తొమ్మిదీ మారతాయి, యార్డులో ఒక్క మౌల్డు ఉండటమంటే మోడల్‌లో ఇదే. కిటికీ ఉన్న ప్యానెల్‌కి వేరే బ్లాక్ చేయండి కానీ బయటి కొలతలు ముట్టుకోకండి, అదే మౌల్డులో కిటికీ సైజు బాక్సు పెట్టి పోస్తారు. రెండు చివర్లలోని ప్యానెళ్లు పక్క గోడకి తగిలే చోట జాయింట్ వేరేగా ఉంటే అంతవరకే మార్చండి.

రెవిట్‌లో అయితే ఆర్క్ గోడ గీసి, క్రియేట్ పార్ట్స్, తర్వాత డివైడ్ పార్ట్స్, అందులో గ్యాప్ 15 ఇవ్వండి. డ్రాయింగులకి బాగానే పనికొస్తుంది. మౌల్డు చెక్ మాత్రం నేను రైనోలోనే చేస్తాను.

రెండు వైపులా వంగితే

గుమ్మటంలా పైకీ పక్కకీ వంగే ఆకారం వస్తే గోళాన్ని దాటి వెళ్లకండి. సిడ్నీ ఓపెరా హౌస్ పైకప్పు కథ ఇదే. ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జన్ 1957లో దాని డిజైన్ పోటీ గెలిచినప్పుడు పైకప్పులోని ఆ గుల్లలకి కచ్చితమైన జ్యామితి లేదు. ఓవ్ అరప్ కంపెనీ ఇంజనీర్లు పారాబోలాలు, ఎలిప్సాయిడ్లు అన్నీ ప్రయత్నించి చూశారు, ఏదీ కట్టడానికి అనువుగా రాలేదు. 1961లో గుల్లలన్నీ ఒకే గోళం మీది ముక్కలు అని తేల్చాక దారి దొరికింది. రేడియస్ దాదాపు 75 మీటర్లు. ఒకే గోళం కాబట్టి ఒక్కో పక్కటెముక వంపు ఇంకోదానితో సమానం, కాబట్టి పొడవు ఎంత తేడా ఉన్నా అవే మౌల్డులు మళ్లీ మళ్లీ వాడగలిగారు. అలా 2194 ప్రీకాస్ట్ ముక్కలు పోశారు. రైనోలో మీరూ అదే చేయండి, ఒక స్పియర్ గీసి, దాని ధ్రువం గుండా పోయే తలాలతో సమాన కోణాల్లో కోసి, ఒక పట్టీని మాత్రమే తీసుకుని అడ్డంగా ముక్కలు చేసి, బ్లాక్ చేసి తిప్పండి.

యార్డుకి ఏం పంపాలి

రేడియస్ 12000 అని ఒక్కటే రాసి పంపకండి, షెడ్డులో 12 మీటర్ల తాడు తిప్పి ఎవరూ గీయలేరు. ప్యానెల్ వెడల్పులో ఈ అంచు నుంచి ఆ అంచుకి దారం కట్టి, దాని మధ్య నుంచి పక్కలకి 250 మి.మీ.కి ఒకసారి వంపు ఎంత ఎత్తులో ఉందో రాయండి. మన ప్యానెల్‌కి దారం పొడవు 2077, మధ్యలో 45, అక్కడి నుంచి 250 దగ్గర 42, 500 దగ్గర 35, 750 దగ్గర 22, 1000 దగ్గర 3. ఈ అంకెలు చూసి కార్పెంటర్ ప్లైవుడ్ మీద పాయింట్లు పెట్టి, సన్నటి బద్ద వంచి గీత గీసి కోసేస్తాడు. దీనితోపాటు ముఖం మీద రెండు కర్ణాల కొలతలు ఇవ్వండి, రెండూ సమానంగా వస్తేనే మౌల్డు మూలలు లంబకోణంలో ఉన్నట్టు. ప్యానెల్ నంబరు, బరువు, ఏ ముఖం కిందికి, ఏ వైపు పైకి అన్నవి పెద్ద అక్షరాలతో పెట్టండి.

మొదటి ప్యానెల్ పోసి విప్పిన రోజు వీలైతే యార్డుకి వెళ్లండి. అదే అయిదు చోట్ల దారం కట్టి కొలిచి, వచ్చిన అంకెలు డ్రాయింగ్ మీద పెన్నుతో రాసుకోండి. 3 మి.మీ. లోపు తేడా ఉంటే నేనైతే మిగతా ఎనిమిదీ పోసేయమంటాను, మధ్యలో 45కి బదులు 38 వస్తే మాత్రం మౌల్డు అంచుల కింద సపోర్టు కుంగిందేమో చూడమని చెప్పి, అది సరిచేసేదాకా రెండోది పోయనివ్వను.